మొలలు కావు, అల్సర్ కాదు... మరి ఈ రక్తం ఎక్కడిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే గొడవ చుట్టూ తిరిగాయి: వయసు పైబడిన వాళ్లకి పేగుల్లోంచి రక్తం పోవడం, అది ఎక్కడినుంచి పోతోందో దొరక్కపోవడం. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ నాలుగింటికే చోటంతా ఇచ్చాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. బీపీ తప్ప పెద్ద జబ్బులేమీ లేవు. ఈ రెండేళ్లలో మూడుసార్లు విరేచనంలో రక్తం పోయింది. కడుపునొప్పి మాత్రం ఎప్పుడూ లేదు. మొదటిసారి మా ఊళ్లో మొలలన్నారు, మందులు వాడాం, తగ్గింది. రెండోసారి హిమోగ్లోబిన్ 6.8కి పడిపోతే రెండు బాటిళ్లు రక్తం ఎక్కించి, పైనుంచి ఒక కెమెరా, కిందినుంచి ఒక కెమెరా వేసి చూసి అంతా నార్మల్ అన్నారు. మొన్న వినాయక చవితి మర్నాడు బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయారు. ఈసారి పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తే సీటీ తీశారు, తర్వాత ఏదో ఇంజెక్షన్ ఇచ్చి ఇంకో స్కాన్ చేశారు. చిన్న పేగు మీద పుట్టుకతో వచ్చిన సంచి ఉందట, రక్తం దాని దగ్గర్నుంచే పోతోందట, ఆపరేషన్ చేసి తీసేయాలట. కాగితంలో మెకెల్ డైవర్టిక్యులం అని రాశారు. మా బాబాయి అస్సలు నమ్మట్లేదు. "68 ఏళ్లు లేని రోగం ఇప్పుడు పుట్టుకతో వచ్చిందంటారేంటి, డబ్బుల కోసం చెప్తున్నారు" అంటున్నాడు. ఇది నిజమేనా? ఆపరేషన్ తప్పదా? మాకూ మా పిల్లలకూ వస్తుందా? నాన్నగారికి మందూ సిగరెట్టూ లేవు, బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో తెచ్చుకునే మాత్ర తప్ప ఇంకేమీ వాడరు.
– ఒక కూతురు, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందు మీ బాబాయిగారి అనుమానం తీరుస్తాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న, ఆయన మీద కోప్పడకండి. మీ నాన్నగారికి పుట్టుకతో వచ్చింది రోగం కాదు, సంచి. రోగం, అంటే పుండు పడి రక్తం కారడం, ఈమధ్యే మొదలైంది. ఇంట్లో పాత గోడలో ఒక బీట ఉంటుంది, నలభై ఏళ్లు ఎవరికీ పట్టదు, ఒక వానకి అక్కడినుంచే నీళ్లు కారతాయి. ఇదీ అలాంటిదే.

ఆ సంచి ఎలా వస్తుందో చెప్తాను. కోడిగుడ్డులో పిల్లకి పచ్చసొన ఎలాగో, తల్లి కడుపులో పిండానికి మొదటి వారాల్లో అలాంటిదే ఒక చిన్న సొన సంచి ఉంటుంది. అప్పుడప్పుడే తయారవుతున్న పేగుకీ ఆ సొన సంచికీ మధ్య సన్నటి గొట్టం ఒకటి, బొడ్డు దారిలో ఉంటుంది. మాయ పని మొదలయ్యాక ఆ గొట్టంతో అవసరం తీరిపోతుంది, రెండో నెల పూర్తయ్యేలోపు అది మూసుకుపోయి, కరిగి, ఆనవాలు లేకుండా పోవాలి. నెల తప్పిందని ఇంట్లో వాళ్లకి చెప్పాలా వద్దా అని తల్లి ఇంకా ఆలోచిస్తున్న రోజులవి, అప్పటికే ఈ పని అయిపోవాలన్నమాట. నూటికి ఇద్దరిలో పూర్తిగా కాదు. పేగు వైపు ఉన్న మొదలు అలాగే మిగిలిపోయి, చిన్న పేగుకి చేతి తొడుగు వేలు లాంటి సంచి ఒకటి వేలాడుతూ ఉండిపోతుంది. ఇదే గొట్టం పూర్తిగా తెరుచుకునే ఉండిపోతే పుట్టిన బిడ్డకి బొడ్డులోంచి మలం వస్తుంది, వట్టి తాడులా మిగిలితే ఎప్పుడో దాని చుట్టూ పేగు మెలిపడుతుంది. కానీ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ సంచే.

దీన్ని 1598లోనే ఒక జర్మన్ సర్జన్ గమనించి రాశాడు గానీ, ఇది ఎక్కడినుంచి వచ్చిందో విడమరిచి చెప్పింది మాత్రం 1809లో యోహాన్ ఫ్రెడరిక్ మెకెల్. జర్మనీలో హాలె అనే ఊళ్లో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పేవాడు. ఆ పేరే ఇప్పుడు మీ కాగితం మీద ఉంది.

ఎంబీబీఎస్‌లో ఈ జబ్బుని 'రెండ్ల లెక్క'తో నేర్పిస్తారు. నూటికి ఇద్దరిలో ఉంటుంది, పెద్ద పేగు మొదలయ్యే చోటికి రెండడుగుల లోపల ఉంటుంది, రెండంగుళాల పొడవు, లోపల దారితప్పి వచ్చి చేరే కణజాలాలు రెండు రకాలు, చివరగా రెండేళ్ల లోపు పిల్లల్లో బయటపడుతుంది. పరీక్షల్లో రాయడానికి భలే సులువు. కానీ ఆఖర్న ఉన్న ఆ 'రెండేళ్లు' చేసిన చెడు చిన్నది కాదని నా అభిప్రాయం. పసిపిల్లల జబ్బు అన్న ముద్ర మా బుర్రల్లో ఎంత గట్టిగా పడిపోతుందంటే, ఎదురుగా 68 ఏళ్ల మనిషి పాలిపోయి కూర్చుంటే ఈ పేరు గుర్తుకే రాదు. నేను పీజీ చేసే రోజుల్లో మా వార్డులో డెబ్భై దాటిన ఒక రైతుబిడ్డ, మామ్మగారు అని పిలిచేవాళ్లం, ఏడాదిలో నాలుగుసార్లు చేరింది. వచ్చినప్పుడల్లా రక్తం ఎక్కించి, ఐరన్ మాత్రలు రాసి పంపించేవాళ్లం. నాలుగోసారి రక్తం ఆగక రాత్రికి రాత్రి పొట్ట తెరవాల్సి వస్తే, సర్జన్ గారు పేగుని అపెండిక్స్ దగ్గర పట్టుకుని జానెడు జానెడుగా చేతుల్లో జరుపుకుంటూ వెనక్కి వెళ్లి ఒక చోట ఆగారు. బొటనవేలంత సంచి. ఆ పేగుని ఆయన కాసేపు అలాగే పట్టుకుని "ఏడాది నుంచీ ఇది ఇక్కడే ఉందిరా" అన్నారు. మామ్మగారు కోలుకుని ఇంటికెళ్లింది, అదొక్కటే మాకు ఊరట. ఆ మాట మాత్రం నేను మర్చిపోలేదు.

ఇప్పుడు రక్తం ఎందుకు పోతుందో. రక్తం కారే సంచుల్లో దాదాపు ఎప్పుడూ కనిపించే విషయం ఒకటుంది: లోపలి పొర పేగు పొరలా ఉండదు, జీర్ణాశయం పొరలా ఉంటుంది. పిండంగా ఉన్నప్పుడు ఆ కణాలు అక్కడ చిక్కుకుపోయాయి. అవి వాటికి తెలిసిన పనే చేస్తాయి, యాసిడ్ తయారు చేస్తాయి. జీర్ణాశయానికి యాసిడ్ తట్టుకునే జిగురు పూత ఉంది, పక్కనున్న చిన్న పేగుకి అది లేదు. దాంతో సంచి మూతి దగ్గర, లేదా దాని ఎదురుగా ఉన్న పేగు గోడలో పుండు పడుతుంది, ఆ పుండు ఏదైనా రక్తనాళాన్ని తాకితే రక్తం పోతుంది. నొప్పి లేకుండా అంత రక్తం ఎలా పోతుందని చాలామంది అడుగుతారు. ఈ జబ్బు తీరే అంత, మీ నాన్నగారికి నొప్పి లేకపోవడం కూడా దీనికి సరిపోయే లక్షణమే.

మరి 66 ఏళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు? మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం నేను రెండుసార్లు చదివాను. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో తెచ్చుకునే మాత్ర అన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ రకం మాత్రలు జీర్ణాశయాన్నే కాదు, చిన్న పేగుని కూడా పుండు చేస్తాయి, రక్తం గడ్డకట్టే గుణాన్నీ కొంత తగ్గిస్తాయి. స్టీరింగ్ పట్టి, క్లచ్ తొక్కి ముప్ఫై ఏళ్లు అరిగిన మోకాళ్లు నొప్పి పెట్టడం సహజం, ఆయన తప్పేమీ లేదు. అయితే సంచి దగ్గర అసలే బలహీనంగా ఉన్న చోటుకి ఇవి తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇదే కారణమని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను గానీ, ఈ రోజునుంచే ఆ మాత్ర ఆపించండి, ఆయన వాడుతున్న స్ట్రిప్ తీసుకెళ్లి మీ సర్జన్‌కి చూపించండి. ఇంట్లో వాళ్లు మందుల లిస్టు చెప్పేటప్పుడు షాపులో కొన్నవి చెప్పరు, చీటీ ఉన్నవే చెప్తారు. నొప్పికి పారాసిటమాల్ ఎంత మోతాదులో వాడొచ్చో ఆ డాక్టర్‌నే అడగండి.

రెండు కెమెరా పరీక్షలూ నార్మల్ వచ్చాయి కదా, అప్పుడెందుకు దొరకలేదు అన్నది మీకు రావాల్సిన కోపం. పైనుంచి వేసే ఎండోస్కోపీ జీర్ణాశయం దాటి చిన్న పేగు మొదట్లో ఆగిపోతుంది. కిందినుంచి వేసే కొలనోస్కోపీ పెద్ద పేగంతా చూసి, చిన్న పేగు ఆఖరి కొసలో ఓ నాలుగు వేళ్ల మేర తొంగిచూస్తుంది. ఈ రెండిటి మధ్య దాదాపు ఆరు మీటర్ల చిన్న పేగు మిగిలిపోతుంది. మీ నాన్నగారి సంచి ఉన్నది సరిగ్గా ఆ చీకట్లో. కాబట్టి ఆ నార్మల్ రిపోర్టుకి అర్థం చూసినంత మేర బాగుంది అని మాత్రమే. అక్కడితో ఆపేసి ఐరన్ మాత్రలు రాసి పంపడం సరికాదు, మిగిలిన ఆరు మీటర్లు చూడాల్సింది. ఇది గట్టిగానే అంటున్నాను.

ఇక ఆ ఇంజెక్షన్ స్కాన్. టెక్నీషియం అనే పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు, రేడియో ధార్మికత ఉన్నదే గానీ ఆరు గంటలకి సగం చొప్పున తగ్గిపోతుంది, భయపడాల్సిన పని లేదు. జీర్ణాశయం పొరకి దీన్ని పీల్చుకునే గుణం ఉంది. ఫిల్ము మీ దగ్గర ఉంటే వెలుతురులో పెట్టి చూడండి. పైన, నాన్నగారి ఎడమ వైపు ముద్దలా కనిపించేది జీర్ణాశయం, అట్టడుగున గుండ్రంగా ఉన్నది మూత్రాశయం. బొడ్డుకి కాస్త కింద, ఆయన కుడి పక్కన, శనగగింజంత మచ్చ ఒకటి విడిగా కనిపిస్తే, అదీ జీర్ణాశయంతో పాటే ఒకే సమయంలో వెలిగి ఉంటే, అక్కడ ఉండకూడని జీర్ణాశయపు పొర ఉందని అర్థం. మీ బాబాయిగారికి ఆ మచ్చ చూపించండి, నా మాటలకంటే అది బాగా చెప్తుంది. పిల్లల్లో ఈ స్కాన్ చాలావరకు పట్టేస్తుంది, పెద్దల్లో అంత నమ్మకం లేదు, మచ్చ కనపడనంత మాత్రాన సంచి లేదని కొట్టేయకూడదు. మీ నాన్నగారి విషయంలో సీటీ, స్కాన్ రెండూ ఒకే చోటు చూపిస్తున్నాయంటే ఆధారం గట్టిదే.

ఒక నిజం చెప్పాలి. 60 దాటిన మనిషికి చిన్న పేగులోంచి రక్తం పోతుంటే నేను మొదట అనుమానించేది ఈ సంచిని కాదు. వయసుతో వచ్చే సన్నటి రక్తనాళాల ఉబ్బులు, నొప్పి మాత్రల పుండ్లు, గడ్డలు (ట్యూమర్లు), ఇవే ఎక్కువ. కొన్నిసార్లు ఆ సంచిలోనే గడ్డ పెరుగుతుంది కూడా. అందుకని మీ సర్జన్‌ని ఈ మాట సూటిగా అడగండి: "సీటీలో గడ్డ లాంటిదేమైనా కనిపించిందా, మిగతా చిన్న పేగు చూశారా?" అడిగితే ఏమనుకుంటారోనని మొహమాట పడకండి.

ఆపరేషన్ సంగతి. మూడుసార్లు రక్తం పోయి, ఒకసారి పడిపోయిన మనిషికి నేనైతే చేయించుకోమనే చెప్తాను. యాసిడ్ తగ్గించే మాత్రలతో కొందరికి రక్తం తాత్కాలికంగా ఆగుతుంది, కానీ సంచి అక్కడే ఉంటుంది, నాలుగోసారి అర్ధరాత్రి రావచ్చు, ఆ రాత్రి మీరు తాడేపల్లిగూడెంలో ఉంటారు, ఆస్పత్రి విజయవాడలోనో రాజమండ్రిలోనో ఉంటుంది. తీరిక మీద, హిమోగ్లోబిన్ పెంచుకుని, గుండెకి ఈసీజీ, ఎకో చూపించుకుని చేయించుకునే ఆపరేషన్ వేరు, రక్తం కారుతుండగా పరిగెత్తి చేయించుకునేది వేరు. చాలా చోట్ల చిన్న రంధ్రాలతోనే చేసేస్తున్నారు. పుండు సంచిలో కాక పక్క పేగులో ఉండొచ్చు కాబట్టి, రక్తం పోయిన వాళ్లలో వట్టి సంచి కోసేయడం కంటే ఆ కాస్త పేగు ముక్కతో సహా తీసి రెండు కొసలు కలపడం మేలని ఎక్కువమంది సర్జన్లు భావిస్తారు. అంత చిన్న ముక్క పోతే తిండి అరగదేమోనని దిగులొద్దు. తీసిన ముక్క బయాప్సీకి వెళ్లిందో లేదో అడిగి, రిపోర్టు చేతికి తీసుకోండి. డబ్బు విషయంలో, రేషన్ కార్డూ ఆధారూ పట్టుకుని ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ముందే కనుక్కోండి, అడ్మిషన్ అయ్యాక కాదు.

మీకూ మీ పిల్లలకూ అంటారా, ఇది మామూలుగా తండ్రినుంచి బిడ్డకి వచ్చే జబ్బు కాదు. ఏ లక్షణమూ లేకుండా ఎవరికీ స్కాన్లు తీయించకండి. ఆపరేషన్ తేదీ వచ్చేలోపు మాత్రం విరేచనం తారులా నల్లగా వచ్చినా, ఆయనకి చెమటలు పట్టి కళ్లు తిరిగినా, కాసేపు చూద్దాం అనకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు, మూడేళ్ల కింద గుండెకి స్టెంట్ వేశారు, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నాను. ఈమధ్య రెండుసార్లు విరేచనం నల్లగా వచ్చింది, రక్తం తగ్గింది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ బాగున్నాయి. ఇప్పుడు కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగమంటున్నారు. అది లోపల ఇరుక్కుంటే? ఈలోగా రక్తం పల్చబడే మాత్రలు ఆపేయనా?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే అది రక్తం పోవడం కంటే వేగంగా ప్రాణం తీస్తుంది. ఇవాళే మీ గుండె డాక్టరుకి విషయం చెప్పండి. మూడేళ్లు దాటింది కాబట్టి రెండిట్లో ఒకటి తీసేయొచ్చేమో ఆయన చూస్తారు, కానీ ఆ నిర్ణయం ఆయనదే. వెళ్లినప్పుడు ఇంకోటి కూడా అడగండి: "నా గుండె కవాటాల్లో ఏదైనా సన్నబడిందా?" గుండెనుంచి పెద్ద ధమనిలోకి తెరుచుకునే కవాటం వయసుతో గట్టిపడి సన్నబడ్డ వాళ్లలో పేగుల్లోంచి రక్తం పోవడం ఎక్కువని 1958లో హేడ్ అనే అమెరికా డాక్టరు గమనించాడు. ఆ ఇరుకు దారిలో ఒత్తిడికి రక్తం గడ్డకట్టించే ఒక ప్రొటీన్ ముక్కలైపోతుందని తర్వాత తెలిసింది. ఎకో రిపోర్టులో రాసే ఉంటుంది, పాత ఫైలు తీసి చూడండి.

క్యాప్సూల్ విషయానికొస్తే, దాన్ని తయారు చేసింది గావ్రియేల్ ఇద్దాన్ అనే ఇజ్రాయెల్ ఇంజనీరు, అంతకుముందు ఆయన పని క్షిపణులకి దారి చూపించే కెమెరాల మీద. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. మొదట్లో వచ్చిన క్యాప్సూల్ 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల మందం, పెద్ద సైజు విటమిన్ మాత్రంత. సెకనుకి రెండేసి ఫొటోలు తీసుకుంటూ పేగులోంచి దానంతట అదే జారిపోతుంది, నడుముకి కట్టిన పెట్టె వాటిని అందుకుంటుంది, మర్నాడో ఆ మర్నాడో విరేచనంలో పోతుంది. ఇరుక్కోవడం అరుదు. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటేనే ఆ ప్రమాదం, అంటే పేగుకి టీబీ వచ్చి తగ్గినవాళ్లు, పొట్ట ఆపరేషన్లు అయినవాళ్లు, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వాడినవాళ్లు. వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పండి, కరిగిపోయే ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి దారి చూశాకే అసలుది ఇస్తారు, లేదా సీటీ తీస్తారు. క్యాప్సూల్ బయటికి పోయిందని తేలేదాకా ఎంఆర్ఐ తీయించుకోకూడదు.

ఇంకొక మాట. నల్లటి విరేచనం అన్నారు కాబట్టి, క్యాప్సూల్‌లో ఏమీ దొరక్కపోతే పైనుంచి ఎండోస్కోపీ మరోసారి చేయించమని అడగండి, వీలైతే రక్తం పోతున్న రోజునే. పుట్టుకతో వచ్చి ముసలితనంలో రక్తం కార్చే ఇంకో లోపం ఉంది, దాని పేరు డ్యులఫాయ్. పారిస్‌లో జార్జ్ డ్యులఫాయ్ అనే వైద్యుడు 1898లో దాన్ని వివరంగా రాశాడు. మామూలుగా రక్తనాళం జీర్ణాశయం లోపలి పొరకి చేరేసరికి కొమ్మలు కొమ్మలుగా చీలి సన్నబడాలి. దీనిలో ఒక నాళం సన్నబడకుండా, ఉండాల్సిన దానికి పదింతల లావుతో పొర కిందికి వచ్చేస్తుంది. పుండు ఉండదు, వాపు ఉండదు, పైన పొర గుండుసూది మొనంత చిరిగితే చాలు, ధారగా రక్తం. ఆగిపోయాక చూస్తే అక్కడ ఏమీ కనపడదు, అందుకే మొదటిసారి ఎండోస్కోపీ నార్మల్ అని వస్తుంటుంది. ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో ఉంటుంది, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లలో, ఇలాంటి మాత్రలు వాడేవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. దొరికిందంటే మాత్రం పొట్ట కోయనక్కర్లేదు, ఆ కెమెరాతోనే చిన్న క్లిప్ వేసి ఆపేస్తారు. మీకు ఇదే ఉందని కాదు, కానీ ఒకసారి నార్మల్ వచ్చిందని తలుపు మూసేయొద్దని చెప్పడానికి ఇంత రాశాను.

ప్రశ్న: నేను మస్కట్‌లో పనిచేస్తున్నాను. కడపలో ఉన్న మా అమ్మకి 64 ఏళ్లు. కిడ్నీలో రాయి కోసం సీటీ తీస్తే అనుకోకుండా మెకెల్ డైవర్టిక్యులం కనపడింది. ఆమెకి రక్తం పోలేదు, నొప్పి లేదు. "పేలకముందే తీయించేయండి" అని ఒకరన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను. లీవు పెట్టి రమ్మంటారా?
– ఒక కొడుకు

జవాబు: నాయనా, నిద్రపో. లీవు దాచుకుని పండక్కి రా. ఆ సంచి ఉన్న వాళ్లలో జీవితమంతా కలిపినా దానివల్ల ఇబ్బంది పడేవాళ్లు నూటికి నాలుగు నుంచి ఆరుగురే, మిగతావాళ్లు అది ఉందని కూడా తెలియకుండానే వెళ్లిపోతారు. మీ అమ్మగారు 64 ఏళ్లు దానితోనే వంట చేసి, పొలం వెళ్లి, నిన్ను పెంచారు. లక్షణాలు లేని సంచిని తీయాలా వద్దా అన్నదాని మీద సర్జన్లలో అభిప్రాయ భేదం ఉన్నమాట నిజం, వయసులో ఉన్న మగవాళ్లలో, వేరే ఆపరేషన్ చేస్తుండగా కనపడితే, సంచి మరీ పొడుగ్గా ఉంటే, చేతికి గట్టిగా తగిలితే తీసేయడమే నయమనేవాళ్లున్నారు. మీ అమ్మగారి వయసులో, ఏ బాధా లేకుండా, దీనికోసమే పొట్ట తెరవమని నేను చెప్పను. సీటీ తీసిన డాక్టరుని ఒక్కటి అడుగు, సంచి గోడ మామూలుగా ఉందా, గడ్డలా ఏమైనా ఉందా అని. లేదంటే అక్కడితో వదిలేయి.

చేయాల్సిన పని ఒకటుంది. ఆ రిపోర్టు జిరాక్స్ అమ్మగారి ఫైల్లో పైనే పెట్టించు, నీ ఫోన్లో ఫొటో ఉంచుకో. రేపెప్పుడైనా కుడి పక్క పొట్ట నొప్పి వస్తే అపెండిక్స్ అనుకుంటారు, ఈ సంచి వాచినా అచ్చం అలాగే ఉంటుంది. రక్తం తగ్గిందంటే అప్పుడు చూసే డాక్టరుకి వెతుకులాట లేకుండా ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ప్రశ్న: రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. అప్పటినుంచి విరేచనం నల్లగా వస్తోంది. లోపల రక్తం పోతోందా? నా వయసు 59.
– అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఐరన్ మాత్రలతో నల్లబడటం మామూలే తల్లీ. తేడా ఇలా చూసుకోండి. ఐరన్ వల్ల వచ్చే నలుపులో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, విరేచనం ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది, నీళ్లు పోస్తే పోతుంది. రక్తం వల్ల వచ్చిన నలుపు కొత్త రోడ్డు మీద తారులా మెరుస్తుంది, జిగటగా బేసిన్‌కి అంటుకుని రెండు చెంబులు పోసినా పోదు, వాసన మామూలు వాసన కాదు, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అనుమానంగా ఉంటే టీబీ, షుగర్ పరీక్షలు చేసే మామూలు ల్యాబులో కూడా మలంలో రక్తం ఉందేమో చూసే పరీక్ష ఉంటుంది, అడగండి.

కానీ నా దిగులు రంగు గురించి కాదు, మీరు రాయని విషయం గురించి. మీకు రక్తం ఎందుకు తగ్గిందో ఎవరైనా చెప్పారా? ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే తక్కువ అంటారు. నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ తగ్గితే "ఆడవాళ్లకి మామూలేలే, సరిగ్గా తినడం లేదు" అని సర్దుకోకూడదు, అది పోయే దారి ఎక్కడో వెతకాలి, చాలాసార్లు ఆ దారి పేగుల్లోనే ఉంటుంది. ఈ నెలలోనే జిల్లా ఆస్పత్రికో మెడికల్ కాలేజీకో వెళ్లి రెండు కెమెరా పరీక్షల గురించి అడగండి. కొలనోస్కోపీ ఉందంటే వారం ముందునుంచి ఐరన్ ఆపమంటారు, లేకపోతే ఆ నలుపు కెమెరాకి అడ్డం వస్తుంది. ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పాకే ఆపండి.